కీమో మొదలయ్యాక సీఈఏ పెరిగింది, ఇంకెంత కాలమో దీన్నిబట్టి చెప్పొచ్చా?

మీరు అడిగింది ఇది: అమ్మగారికి పెద్దపేగు క్యాన్సర్, లివర్‌కి పాకింది, నాలుగో స్టేజ్. కీమోకి ముందు సీఈఏ (క్యాన్సర్ తీరు చూడటానికి చేసే రక్తపరీక్ష) 86 ఉంది, రెండు సైకిల్స్ (రెండు విడతల కీమో) అయ్యాక 140 వచ్చింది. సీఏ 19-9 అనే ఇంకో రక్తపరీక్ష కూడా రాసిచ్చారు. మందు పనిచేయట్లేదా, ఇంకెంత కాలం ఉన్నట్టు? నేను డాక్టర్ని కాదు. మా నాన్నకి ఇదే జబ్బు, ఇదే స్టేజ్. ఇలాంటి రిపోర్ట్ పట్టుకుని తెల్లారేదాకా కూర్చున్నవాణ్ణి కాబట్టి రాస్తున్నాను.

ముందు మీ 140 సంగతి. నాన్నకి మొదట్లో 212. మూడో సైకిల్‌కి ముందు చేయిస్తే 305. రిపోర్ట్ రాత్రి తొమ్మిదింటికి ఫోన్‌కి వచ్చింది, అంకె పక్కన పైకి చూపించే ఎర్ర బాణంతో సహా. "ఎంత వచ్చిందిరా?" అని నాన్న అడిగితే "ఇంకా రాలేదు" అని ఫోన్ బోర్లా పెట్టేశాను. అదే మెసేజ్ ఆయన ఫోన్‌కి కూడా వచ్చిందని చాలా రోజుల తర్వాత తెలిసింది. నా కోసం తెలియనట్టు ఊరుకున్నారు.

మర్నాడు డాక్టర్ గారు రిపోర్ట్ చూసి ఒక్కటే అడిగారు, కీమో మొదలై ఎన్ని వారాలైందని. నాలుగు వారాలు దాటిందన్నాను. "అయితే ఈ నంబర్‌ని బట్టి నేను మందు మార్చను" అన్నారు. మొదటి నాలుగు నుంచి ఆరు వారాల్లో, అందులోనూ ఆక్సాలిప్లాటిన్ అనే మందు ఉన్న కీమోలో, కొందరికి సీఈఏ పెరిగి తర్వాత దిగుతుందట. కణాలు చచ్చేటప్పుడు వాటిలో ఉన్నది రక్తంలోకి రావడం వల్ల కావచ్చని ఆయన చెప్పారు. తర్వాతి స్కాన్‌లో లివర్‌లో గడ్డలు చిన్నవయ్యాయి, సీఈఏ 118కి దిగింది.

అలాగని మీకూ అదే జరుగుతుందని ధీమాగా ఉండకండి. ఇలా పెరిగి తగ్గడం కొద్దిమందికే. నిజంగా జబ్బు ముదురుతున్నా నంబర్ ఇలాగే పెరుగుతుంది. ఆ రెండింటిలో ఏదో తేల్చేది స్కానే.

ఇక అసలు ప్రశ్న, ఎంత కాలం అని. మొదట్లోనే సీఈఏ బాగా ఎక్కువున్న వాళ్లకి, మొత్తం మీద చూస్తే, ఫలితాలు అంత బాగుండవన్నది నిజమే. లివర్ గడ్డలకి ఆపరేషన్ చేసేముందు రిస్క్ లెక్కకట్టడానికి 1999లో ఫాంగ్ అనే సర్జన్ బృందం ఒక స్కోర్ ఇచ్చింది. అందులో సీఈఏ 200 దాటితే ఒక పాయింట్. కానీ మొత్తం ఐదు అంశాల్లో అదొక్కటి మాత్రమే. గడ్డలు ఎన్ని, అన్నిటికన్నా పెద్దది 5 సెంటీమీటర్లు దాటిందా, పేగులోని మొదటి గడ్డ దగ్గర లింఫ్ గ్రంథులకి పాకిందా, మొదటి జబ్బుకీ లివర్‌లో కనిపించడానికీ మధ్య ఏడాదైనా గడిచిందా అన్నవి మిగతావి. నంబర్ చూసి నెలలు లెక్కపెట్టడం నేనూ చేశాను. దానివల్ల నిద్ర చెడడం తప్ప ఇంకేమీ తేలలేదు.

అంతకన్నా బరువైన విషయాలు మీ ఫైల్లో వేరే ఉంటాయి. గడ్డలో కేఆర్ఏఎస్, ఎన్ఆర్ఏఎస్, బీఆర్ఏఎఫ్ అనే జన్యువుల్లో మార్పులున్నాయేమో చూసే టెస్టులు చేశారా? ఎంఎస్ఐ (గడ్డ కణాల్లో డీఎన్ఏ తప్పులు సరిదిద్దే ఏర్పాటు చెడిందా అని చూసే టెస్టు) చూశారా? ఎంఎస్ఐ హై అని వస్తే ఇమ్యునోథెరపీ (ఒంటి రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదకి ఉసిగొల్పే మందులు) దారి తెరుచుకుంటుంది, కథే మారిపోవచ్చు. బీఆర్ఏఎఫ్‌లో వీ600ఈ అనే మార్పు ఉంటే జబ్బు మొండిదని అర్థం. గడ్డ పేగులో కుడివైపా ఎడమవైపా అన్నదీ లెక్కలోకి వస్తుంది. లివర్ గడ్డలు తీసేయడానికి వీలుపడేలా ఉన్నాయా అన్నది అన్నిటికన్నా ముందు అడగాలి. అమ్మగారు లేచి తిరుగుతున్నారా, రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ ఎలా ఉంది అన్నవి చిన్న విషయాల్లా కనిపిస్తాయి గానీ డాక్టర్లు వాటిని చాలా పట్టించుకుంటారు.

సీఏ 19-9 కూడా రాసిచ్చారని అన్నారు. బాగా ఎక్కువుంటే అదీ మంచి సూచన కాదు. కాకపోతే పిత్తనాళం మూసుకుపోయి కామెర్లు వచ్చినా అది విపరీతంగా పెరుగుతుంది. కొంతమంది ఒంట్లో అసలు తయారే కాదు, వాళ్లకి నార్మల్ వచ్చిందని సంబరపడడానికీ లేదు. సీఈఏ కూడా అన్ని గడ్డలూ వదలవు. పొగతాగే అలవాటు, లివర్ జబ్బు, పేగు వాపు ఉన్నా కొద్దిగా పెరుగుతుంది. మామూలుగా మిల్లీలీటరు రక్తానికి 5 నానోగ్రాముల లోపు నార్మల్ అంటారు. 4 ఉన్నది 6 అయితే కంగారు పడిపోకండి, మళ్లీ చేయించండి. ఎప్పుడూ ఒకే ల్యాబ్‌లో చేయించండి, పద్ధతి మారితే అంకె మారుతుంది. జుట్టు కోసం ఎక్కువ మోతాదు బయోటిన్ అనే విటమిన్ వాడుతుంటే అదీ ల్యాబ్‌లో చెప్పండి, కొన్ని టెస్టుల్ని అది తప్పుదారి పట్టిస్తుంది.

నంబర్ పనికిరాదని నేననను. కీమో అయ్యాక నాన్నకి 4కి దిగింది. ఏడాది తర్వాత 9, ఆ తర్వాత 17, ఆ పైన 41. నోట్‌బుక్‌లో చుక్కలు పెట్టి గీత గీస్తే తిన్నగా పైకి పోయింది. అప్పుడు తీయించిన మొదటి స్కాన్‌లో ఏమీ లేదు, రెండోదాంట్లో ఊపిరితిత్తిలో కనిపించింది. ఈసారి మాకు ముందే చెప్పింది ఆ గీతే. మందు మార్చారు, ఇంకో పదకొండు నెలలు మాతో ఉన్నారు.

అందుకే అమ్మగారి నంబర్లన్నీ తేదీలతో ఒకచోట రాసుకోండి. కీమో ఏ రోజు ఎక్కించారో పక్కనే రాయండి. వచ్చేసారి డాక్టర్ని "ఈ 140ని ఇప్పుడు లెక్కలోకి తీసుకుంటారా, స్కాన్ ఎప్పుడు, ఎంఎస్ఐ రిపోర్ట్ వచ్చిందా" అని అడగండి. స్కాన్ ముందుకు జరపమని కూడా అడగొచ్చు, మొహమాటపడకండి. స్కాన్ రోజునే రక్తం కూడా ఇప్పించండి, రెండూ పక్కపక్కన పెట్టి చూడటానికి వీలుగా ఉంటుంది.