ట్యాగ్‌ల కోర్సా, నెట్‌వర్కింగ్ పునాదా?

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ పూర్తి చేశాడు. డేటా సెంటర్లలో ట్యాగ్‌లను బట్టి నెట్‌వర్క్ అనుమతులిచ్చే పద్ధతికే ఇకపై గిరాకీ అని అమీర్‌పేటలో ఒక శిక్షణ సంస్థ చెబుతోంది. మా తోడల్లుడి కొడుకు ఆ కోర్సు చేసి ఉద్యోగంలో చేరాడు. మావాడేమో ముందు నెట్‌వర్కింగ్, లినక్స్ నేర్చుకుంటానంటున్నాడు. ఏది మేలు?
– ఒక తండ్రి, తెనాలి

జవాబు: మీ అబ్బాయి చెప్పిందే మేలు. ట్యాగ్ పద్ధతిని నేను తక్కువ చేయడం లేదు. ఐపీ చిరునామాలతో ఫైర్‌వాల్ నియమాలు రాస్తే చిరునామా మారినప్పుడల్లా వాటిని తిరగరాయాలి; సర్వర్‌కు 'జీతాల అప్లికేషన్', 'డేటాబేస్' అని గుర్తు తగిలించి, ఆ గుర్తుల మధ్యే అనుమతి రాస్తే, వర్చువల్ మెషీన్ (సాఫ్ట్‌వేర్‌తో సృష్టించిన సర్వర్) ఎక్కడికి మారినా నియమం దాని వెంటే వెళ్తుంది.

అయితే ఆ గుర్తు తగిలించే అధికారం ఎవరిది అన్నదే నన్ను వేధించే ప్రశ్న. గూగుల్ క్లౌడ్‌లో మామూలు నెట్‌వర్క్ ట్యాగ్‌ను, ఆ మెషీన్‌ను సవరించే అనుమతి ఉన్నవారెవరైనా మార్చగలరు. అందుకే అధికారాన్ని విడిగా నియంత్రించే సురక్షిత ట్యాగ్‌లను తర్వాత తెచ్చారు. పరీక్షల కోసం పెట్టిన సర్వర్‌కు పొరపాటున అసలు డేటాబేస్ గుర్తు తగిలిస్తే తలుపు తెరుచుకుంటుంది, నియమం మాత్రం సక్రమంగానే కనిపిస్తుంది. నెట్‌వర్క్ పరికరాల కంపెనీ సిస్కో పద్ధతిలో 16 బిట్ల ట్యాగ్ ఈథర్నెట్ ఫ్రేములోనే, అంటే నెట్‌వర్క్‌లో వెళ్లే డేటా పొట్లంలోనే, ప్రయాణిస్తుంది. దాన్ని మోయలేని పరికరాలు దారిలో ఉంటే, ఏ ఐపీకి ఏ ట్యాగో తెలిపే సమాచారాన్ని ఎస్‌ఎక్స్‌పీ అనే ప్రోటోకాల్ ద్వారా, డేటాను నమ్మకంగా చేరవేసే టీసీపీ మీద పంపాలి. ఆ అనుసంధానం తెగిన రాత్రి, టీసీపీ తెలియని కుర్రవాడు తెర మీద బొత్తాలు నొక్కడం తప్ప ఏం చేయగలడు?

పైగా ఇలాంటి కోర్సులు తరచుగా ఒకే కంపెనీ సాధనం చుట్టూ తిరుగుతాయి. ఎన్‌ఎస్‌ఎక్స్ అనే ఇలాంటి ట్యాగ్ సాధనాన్ని అమ్మే వీఎంవేర్ 2023 నవంబరులో బ్రాడ్‌కామ్ చేతికి వెళ్లాక, ఒకసారి కొంటే శాశ్వతంగా వాడుకునే లైసెన్సుల అమ్మకమే ఆగిపోయింది. ఒక్క సాధనమే నేర్చినవాడు ఇలా ఆ కంపెనీ నిర్ణయాల మీద ఆధారపడాల్సి వస్తుంది.

ఇక మీకు ఒక మాట. మీ ఉత్తరంలో మిమ్మల్ని తొందరపెడుతున్నది కోర్సు కాదు, తోడల్లుడి కొడుకు. ఆ పిల్లవాడికి ఉద్యోగం ఈ కోర్సు వల్లే వచ్చిందో, అంతకుముందు నేర్చుకున్నదాని వల్ల వచ్చిందో మీరు అడిగారా? తనకేం తెలియదో తెలిసిన కొడుకు మాటను బంధువుల ముందు గొప్ప కోసం కొట్టిపారేయడం అన్యాయం. పునాది నేర్చుకోవడానికి ఆరు నెలలు పట్టినా అది ఆలస్యం కాదు, భయపడకండి; ఇల్లు గడవడమే కష్టమైతే నెట్‌వర్క్ సపోర్టు ఉద్యోగంలో చేరినా ఆ చదువు ఆగదు.

మూడు నెలల తర్వాత సొంత ల్యాప్‌టాప్‌లోనే చిన్న కుబర్నెటీస్ (అప్లికేషన్లను కంటెయినర్లలో నడిపించే సాఫ్ట్‌వేర్) క్లస్టర్ పెట్టుకుని, లేబుళ్ల (అక్కడ ట్యాగ్‌ల వంటివి) ఆధారంగా నెట్‌వర్క్ పాలసీ రాయమనండి. పాలసీని అమలు చేసే కాలికో వంటి ప్లగిన్ లేకపోతే పాలసీ నమోదవుతుంది కానీ నెట్‌వర్క్‌లో ఏ రాకపోకా ఆగదు. ఎందుకు ఆగలేదో తనే కనిపెట్టగలిగితే, ఆ కోర్సుకు డబ్బు కట్టాలా వద్దా అన్నది అప్పుడు అతనే చెబుతాడు. అంతవరకు అడ్వాన్సు కట్టకండి.