చేపల చెరువు నీటిని బాక్టీరియా శుభ్రం చేస్తుందా?

ప్రశ్న: కైకలూరు దగ్గర మాకు చేపల చెరువు ఉంది. బొచ్చె, శీలావతి పెంచుతున్నాం. పట్టుబడి అయ్యాక నీరు డ్రెయినులో పడి కొల్లేరుకే చేరుతుంది. ప్రోబయోటిక్ (మేలుచేసే బాక్టీరియా ఉండే మందు) చల్లితే కాలుష్యం పోతుందని మందుల దుకాణంవారు అంటున్నారు. నిజమేనా?
– ఒక రైతు

జవాబు: మీ చెరువు ఐదో కాంటూరుకు (సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తు గీతకు), అంటే 1999లో ప్రకటించిన కొల్లేరు అభయారణ్యానికి, బయట ఉందనే నమ్మకంతో చెబుతున్నాను. వారి మాటలో సగమే నిజం.

మేతలోని నత్రజనిలో చేప ఒంటికి పట్టేది సుమారు మూడో వంతే. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం అమ్మోనియాగా నీటిలో కలుస్తుంది, తినని తవుడు అడుగున కుళ్లుతుంది. బాసిల్లస్ రకాల బాక్టీరియాలు ఆ కుళ్లును తిని తగ్గిస్తాయి. అమ్మోనియాను నైట్రైటుగా మార్చే నైట్రోసోమోనాస్, దాన్ని నైట్రేటుగా మార్చే నైట్రోబాక్టర్ వేరే కోవకు చెందినవి. ఇవి చాలా నిదానంగా పెరుగుతాయి, పైగా వీటికి బెల్లం ఆహారం కాదు. అందువల్ల డ్రమ్ములో బెల్లం, తవుడు కలిపి పులియబెట్టే పద్ధతి బాసిల్లస్‌కు పనికొస్తుంది గాని వీటికి కాదు.

ఒక గ్రాము అమ్మోనియా నత్రజని నైట్రేటుగా మారడానికి దాదాపు 4.57 గ్రాముల ఆక్సిజన్ ఖర్చవుతుంది. తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్న చెరువులో ఈ మందు చల్లితే మేలుకు బదులు కీడే జరుగుతుంది. ఎండ బాగా ఎక్కాక, నీటిలో గాలి కలిపే ఏరేటర్లు తిరుగుతుండగా చల్లండి. బ్లీచింగ్ వేసిన రోజుల్లో చల్లితే ఆ బాక్టీరియా చచ్చిపోతుంది, డబ్బు వృథా.

నత్రజని, బురదలోని మరికొన్ని బాక్టీరియాల వల్ల వాయువుగా మారి గాలిలో కలిసిపోగలదు. మేతతో వచ్చే భాస్వరానికి ఆ దారి లేదు. ఏ బాక్టీరియా వేసినా అది నీటిలోనో బురదలోనో ఉండిపోతుంది, బయటికి వదిలితే కొల్లేటిలో గుర్రపుడెక్కకు ఎరువవుతుంది. సముద్రానికి ఉప్పుటేరు ఒక్కటే దారిగా ఉన్న ఆ సరస్సులో చేరిన మురికిని మందు చల్లి బాగుచేయడం అయ్యే పని కాదు, ఏం చేసినా మీ గట్టు లోపలే చేయాలి.

కనుక ముందు మేత చూడండి. కర్రలకు కట్టిన చిల్లుల సంచులను రెండు మూడు గంటల తర్వాత పైకి లాగి, తవుడు మిగిలి ఉంటే మర్నాడు ఆ మేరకు తగ్గించండి. పట్టుబడి నాడు చివర మిగిలే అడుగు నీటిలోనే బురద ఎక్కువ. దాన్ని డ్రెయినులోకి వదలకుండా పక్క గుంటలో కొన్నాళ్లు నిలవబెట్టి, తేరిన నీటిని మళ్లీ చెరువుకే తోడుకోండి, ఆరిన బురదను గట్టు మీది కొబ్బరి మొక్కలకు వేయండి.