పాత సున్నపు గోడకు సిమెంటు పూత వేస్తే బలం పెరుగుతుందా?

పెరగదు, రాయి, మట్టి, డంగుసున్నంతో కట్టిన గోడకు సిమెంటు పూత మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుంది కాబట్టి, నల్లగొండ ప్రాంతపు పాత భవంతి ఇంటిని (నడుమ ఆరుబయలు ఉండే ఇంటిని) బాగుచేసే పని మొదటిసారి చేపట్టిన ఆర్కిటెక్టు మళ్లీ సున్నపు పూతనే ఎంచుకోవాలి.

అలాంటి గోడల పునాదిలో చెమ్మను ఆపే పొర సాధారణంగా ఉండదు. నేలలోని నీరు గోడలోకి ఎక్కుతుంది. సున్నపు పూతలో సన్నని రంధ్రాలు ఉంటాయి గనుక ఆ తేమ ఆవిరై బయటికి పోతుంది. సిమెంటు ఆ దారిని చాలావరకు మూసేయడంతో తేమ ఇంకా పైకి పాకి, దానితో వచ్చిన లవణాలు పూత వెనక పేరుకుని, చివరకు పూత పెచ్చులుగా ఊడుతూ లోపలి మట్టిని కూడా లాక్కుపోతుంది.

భూదాన్ పోచంపల్లిలో గుంట మగ్గం ఉన్న ఇంటిని తీసుకుందాం. నేత కార్మికుడు కాళ్లు గుంటలో పెట్టుకుని దాదాపు నేల మట్టంలోనే కూర్చుంటాడు. గోడ అడుగున చేరిన చెమ్మ మొదట తగిలేది ఆయనకూ పక్కనున్న నూలుకూ. అందువల్ల గోడ రంగు ఆలోచించే ముందే, బయట సీసీ రోడ్డు ఎత్తు పెరిగి వాననీరు గోడ మొదట్లో నిలుస్తోందా అన్నది చూడాలి. ఆ నీటికి దారి చూపకపోతే ఏ పూతా నిలవదు, సున్నమైనా సరే.

సున్నం పాతకాలపు అందం కోసమేనని, గట్టి పూతే గోడను కాపాడుతుందని చాలామంది పొరబడతారు. నిజానికి పూత గోడకన్నా మెత్తగా ఉండి, ముందుగా తానే అరగాలి. సిమెంటు ఇటుకలతో కట్టిన కొత్త గోడకు మాత్రం ఈ అభ్యంతరం వర్తించదు.