పరుపు కొనే ముందు పక్కకు తిరిగి పడుకొని చూడు

బిడ్డా,

మామ ఆశీస్సులు. నిన్న ఫోన్‌లో "ఆర్థో అని రాసుంది మామా, బండలాగా గట్టిగా ఉంది, బుక్ చేసేస్తున్నా" అన్నావు. రెండు రోజులు ఆగు. నల్గొండలో 26 ఏళ్లు పరుపుల దుకాణం నడిపినోణ్ని, ఈ ఒక్క విషయంలో నా మాట వింటే నీకు నష్టం లేదు.

ముందు ఆ ఆర్థో సంగతి, అంటే ఎముకల వైద్యం పేరు. ఆ స్టిక్కర్ ఉన్నంత మాత్రాన డాక్టరు చెప్పినట్టు కాదు, ఎక్కువగా అమ్మేవాళ్లు అతికించుకునే మాట అది. నడుము నొప్పికి ఎంత గట్టి పరుపైతే అంత మంచిదని మనవాళ్ల నమ్మకం. నేనూ చాలా ఏళ్లు అదే చెప్పి అమ్మిన, దాచేదేముంది. 2003లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో స్పెయిన్ డాక్టర్ల పరిశోధన ఒకటి వచ్చింది. ఎన్నాళ్లుగానో నడుము నొప్పితో ఉన్న 313 మందిలో కొందరికి బాగా గట్టి పరుపులు, కొందరికి మధ్యరకం గట్టివి ఇచ్చి 90 రోజులు చూశారు. మధ్యరకం వాళ్లకే ఎక్కువ నయంగా అనిపించింది.

నువ్వేమో చిన్నప్పటి నుంచీ పక్కకు తిరిగి ముడుచుకొని పడుకుంటావు. అట్లా పడుకునేవాళ్లకు భుజం, తుంటి కొంచెం లోపలికి దిగాలి, అప్పుడే వెన్ను తిన్నగా ఉంటుంది. బండలాంటి పరుపు తెచ్చుకుంటే పొద్దున చెయ్యి తిమ్మిరెక్కి లేస్తావు. అల్లుడు వెల్లకిలా పడుకుంటాడు, పైగా బరువైన మనిషి. నీకు హాయిగా ఉన్న పరుపు ఆయన కింద తొట్టిలా కుంగుతుంది. అందుకని ఒకటే పెద్ద పరుపు కొనకండి. ఒకే మందంలో 78 బై 36 అంగుళాలవి రెండు తీసుకోండి, నీకు కాస్త మెత్తనిది, ఆయనకు గట్టిది. పక్కపక్కన వేస్తే 78 బై 72 మంచం నిండుతుంది. పైన ఒకే దుప్పటి పరిస్తే చూసినవాళ్లకు తెలియను కూడా తెలియదు.

దుకాణానికి వచ్చినవాళ్లంతా పరుపును చేత్తో నొక్కి చూసేవాళ్లు. పడుకునేది చెయ్యి కాదు గదా! చెప్పులు విప్పి, సిగ్గుపడకుండా పదిహేను నిమిషాలు నీ పద్ధతిలో పడుకో, వెనక నుంచి వెన్ను తిన్నగా ఉందో లేదో అల్లుణ్ని చూడమను. తర్వాత ఆయన్ని వెల్లకిలా పడుకోబెట్టి నడుము కింద అరచెయ్యి దూర్చు. అటూఇటూ సులువుగా ఆడితే పరుపు మరీ గట్టిది. అసలు దూరకపోతే మరీ మెత్తది. కాస్త బిగుతుగా దూరితే సరిపోయినట్టే.

సేల్స్ పిల్లగాడు "40 డెన్సిటీ సార్, గట్టిది" అంటాడు. డెన్సిటీ అంటే గట్టిదనం కాదు బిడ్డా, ఒక ఘనమీటరు ఫోమ్ ఎన్ని కిలోలు తూగుతుందో ఆ లెక్క. అది ఎక్కువుంటే పరుపు ఎక్కువకాలం కుంగకుండా ఉంటుంది, అంతే. మా వ్యాపారంలో మోసం జరిగేది కూడా ఇక్కడే. 78 బై 72 సైజులో 6 అంగుళాల పరుపు మొత్తం 40 డెన్సిటీ ఫోమే అయితే దాదాపు 22 కిలోలు తూగాలి. కాటా మీద 15 కిలోలు చూపిస్తే నమస్కారం పెట్టి బయటికి రా.

టాపర్, అంటే పరుపు మీద పరిచే పలచటి పొర, దాని గురించి అడిగావు. గట్టి పరుపును మెత్తబరచడానికి అది పనికొస్తుంది, కుంగిన పరుపును మాత్రం లేపలేదు, గుంతలో అదీ గుంతే అవుతుంది. మీ పాత కాయర్ (కొబ్బరిపీచు) పరుపు నడుమ కుంగకుండా ఉంటే, కొత్తది మానేసి నీ వైపు 2 అంగుళాల టాపర్ వేసి చూడు, బోలెడు డబ్బు మిగులుతుంది. టాపర్లలో ఒంటి ఆకారానికి ఒదిగే మెమరీ ఫోమ్ ఒంటివేడిని పట్టి ఉంచుతుంది, మన ఏప్రిల్, మే ఎండలకు ఏసీ లేని గదిలో వేగిపోతావు. రబ్బరు రకం లేటెక్స్ అంత వేడెక్కదు, ధర మాత్రం ఎక్కువ. పలచగా కుట్టించిన దూది పరుపు కూడా టాపరే, మనకు ఆ పేరు తెలియదు గానీ!

దూది పరుపును ఎండలో వేసినట్టు ఫోమ్‌ను వేయకు. మీ అత్త నేను వద్దంటున్నా వినక ఒక ఎండాకాలమంతా రోజూ మిద్దె మీద ఆరేసింది. పైపొర పసుపుపచ్చగా మారి, వేలితో రుద్దితే రవ్వలాగా రాలింది. నీడలో గాలికి పెడితే చాలు.

మీ అత్తమ్మకు, అంటే అల్లుడి వాళ్లమ్మకు, మాత్రం వేరేగా ఆలోచించు. ఆమె పుట్టింది మర్రిగూడ వైపు, ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన మనిషి. ఆ నీళ్లకు వెన్ను బిగుసుకుపోయి వంగినవాళ్లను గట్టి పలక మీద పడుకోబెడితే ఒళ్లు రెండు మూడు చోట్లే ఆనుతుంది, అక్కడే ఒరుసుకుంటుంది. మధ్యరకం పరుపు మీద 2 అంగుళాల మెత్తటి పొర వెయ్యి. మరీ మెత్తగా వద్దు, లేవలేదు. అంచున కూర్చుంటే రెండు పాదాలూ నేలకు ఆనేలా మంచం ఎత్తు చూసుకో. నొప్పికి మందు పరుపు కాదు, డాక్టరుకు చూపించడం మానకండి.

మంచం లోపలి కొలత రాసి పెట్టు. వడ్రంగులు 75 అంగుళాలవీ చేస్తారు, 78వీ చేస్తారు. ఆదివారం దేవరకొండ బస్సెక్కి నేనే వస్తా, టేపూ తెస్తా. అప్పటిదాకా ఆ బుక్ చెయ్యి అనే బటన్ జోలికి పోకు.

మీ మామ