ఆరుబయట తాగే సిగరెట్‌తో పక్కవాళ్ళకి నిజంగా ఏమన్నా అవుతుందా? అవుతుంది, మూరెడు దూరంలో ఉంటే

ఆరుబయట ఇంత గాలి ఉంటుంది కదా, ఎవరో సిగరెట్ తాగితే పక్కవాళ్ళకి నిజంగా హాని ఉందా, లేక జనం ఊరికే రాద్ధాంతం చేస్తున్నారా అని అడిగారు. ఆ రాద్ధాంతం చేసేవాళ్ళలో నేనొకణ్ణి కాబట్టి చెప్తాను.

మా అమ్మకి ఆస్తమా. పోయినేడాది డాక్టర్ దగ్గర్నుంచి వస్తూ ఇద్దరం బస్టాప్‌లో కూర్చున్నాం. పైన రేకు, వెనకా పక్కలా అద్దాలు. పేరుకి ఆరుబయలే. ఇంతలో ఒక పెద్దమనిషి వచ్చి మా పక్కనే నిలబడి సిగరెట్ వెలిగించాడు. మర్యాదస్తుడే. దమ్ము లాగినప్పుడల్లా మొహం అటు తిప్పి పొగ వదిలాడు. కానీ దమ్ముకీ దమ్ముకీ మధ్య, తన చొక్కాకి వాసన పట్టకూడదనో ఏమో, సిగరెట్ ఉన్న చేతిని బారుగా పక్కకి చాపి ఉంచాడు. ఆ చెయ్యి సరిగ్గా మా అమ్మ మొహానికి మూరెడు దూరంలో ఉంది.

నా గోలంతా ఈ చాపిన చెయ్యి మీదే. ఊదిన పొగ అందరికీ కనిపిస్తుంది, అందుకే దాన్ని అటు తిప్పి వదులుతారు. ఊరికే పట్టుకున్నప్పుడు కొసన కాలుతూ సన్నగా లేచే పొగని ఎవరూ పట్టించుకోరు. పక్కవాళ్ళు పీల్చేదాంట్లో సుమారు 85 శాతం అదే! అది ఫిల్టర్ గుండా రాదు, తాగేవాడి ఊపిరితిత్తుల్లోకీ పోదు. అంటే ఆయనకి వడకట్టిన పొగ, మా అమ్మకి పచ్చిది.

నేను అడిగితే "ఆరుబయటే కదండీ" అన్నాడు. అందులో సగం నిజముంది, కాదనను. 2007లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్ళు ఆరుబయట పొగని కొలిచి చూశారు. అర మీటరు దూరంలో, అదీ గాలివాటుకి ఉంటే, ఇంట్లో సిగరెట్ తాగేవాడి పక్కన కూర్చున్నంత పొగ తగలొచ్చని తేలింది. రెండు మీటర్లు దాటితే బాగా తగ్గిపోతుంది. సిగరెట్ ఆర్పగానే పొగ కూడా పోతుంది, గదిలో లాగా గంటల తరబడి తిష్ట వెయ్యదు. కాబట్టి మైదానం ఆ చివర ఎవరో వెలిగిస్తే ఈ చివర ముక్కు మూసుకుని దగ్గేవాళ్ళని చూస్తే నాకూ ఒళ్ళు మండుతుంది. వాళ్ళ వల్లే మాలాంటి వాళ్ళ మాట ఎవరూ వినరు. అలాగని కాస్త పొగే కదా అనడానికీ లేదు. ఇంతవరకైతే ఫర్వాలేదు అనే మోతాదే లేదని అమెరికా సర్జన్ జనరల్ (అక్కడి ప్రభుత్వ ప్రధాన ఆరోగ్యాధికారి) నివేదిక 2006లోనే చెప్పింది.

ఇంకో సంగతి. పెద్ద భవనాల్లో గుమ్మం పక్కనే బూడిద డబ్బా పెట్టే మహానుభావుడు ఎవరో నాకు ఒక్కసారి కనిపిస్తే బాగుండు. లోపల తాగకూడదు కాబట్టి అందరూ వచ్చి ఆ డబ్బా చుట్టూ మూగుతారు. తలుపు తెరిచినప్పుడల్లా ఆ పొగ లోపలికే పోతుంది. వచ్చేపోయే వాళ్ళంతా దాంట్లోంచే నడవాలి. ఆ డబ్బాని పది మీటర్లు అవతల పెడితే సగం గొడవ తీరిపోతుందని నా నమ్మకం. ఇటలీలో మిలాన్ నగరం 2021లోనే పార్కుల్లో, బస్టాపుల్లో తాగొద్దంది. 2025 నుంచి వీధుల్లో కూడా, పక్క మనిషికి కనీసం పది మీటర్ల దూరం ఉంటే తప్ప, వెలిగించకూడదు. "కాస్త దూరంగా ఉండండి" అంటే ఎవరి కాస్త వాళ్ళది. పది మీటర్లంటే వాదించడానికేముంది?

ఆ రోజుకొస్తే, నేను మళ్ళీ అడిగితే ఆయన విసుక్కోకుండా రెండడుగులు జరిగాడు. జరిగిందీ సరిగ్గా గాలి వస్తున్న వైపుకే. ఇప్పుడు కొస పొగా ఊదిన పొగా రెండూ మా మీదకే. అమ్మ సంచిలో ఇన్‌హేలర్ కోసం వెతుక్కుంటోంది. నేను వేలు తడిచేసి పైకెత్తి, గాలి ఎటు నుంచి వస్తోందో ఆయనకి చూపించాను. "మీరు ఇటు రండి, మేం అటు వస్తాం" అన్నాను. ఆయన నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు గానీ, అమ్మ "రా బాబూ, ఏమనుకోకు" అనేసరికి కదిలాడు.

అమ్మని లేపి, సంచీ, గొడుగూ, రిపోర్టుల కవరూ పట్టుకుని మేం అటు, ఆయన ఇటు మారుతుండగా బస్సు వచ్చింది. ఎవరం చెయ్యెత్తలేదు. ఆపకుండా వెళ్ళిపోయింది.

ఆయనదీ అదే బస్సట. ఆ చిరాకులో ఇంకోటి వెలిగించాడు. అప్పటికి గాలికి ఎగువన మేమున్నాం కాబట్టి నేనేమీ అనలేదు.