గల్ఫ్ నుంచి కొత్త ఫోన్ తెస్తే ఎంత పన్ను పడుతుంది?

ప్రశ్న: మాది జగిత్యాల జిల్లా. నాలుగేళ్లుగా షార్జాలో ఎలక్ట్రీషియన్‌గా చేస్తున్నాను సార్. వచ్చే నెల సెలవుకు ఇంటికి వస్తున్నాను. డిగ్రీలో చేరుతున్న మా బిడ్డకు 60,000 రూపాయల ఫోన్ కొందామనుకుంటున్నాను. మా దోస్తు కూడా తన తమ్ముడికి ఇవ్వమని అంతే ధర ఉన్న కొత్త ఫోన్ పెట్టెతో సహా ఇస్తానంటున్నాడు. ఇవి కాక సెంట్లు, చాక్లెట్లు, దుప్పట్లు ఒక 20,000 రూపాయలవి ఉంటాయి. మా రూమ్‌లోని పాకిస్తాన్ వాళ్లేమో ఫోన్ రిజిస్టర్ చేసి టాక్స్ కట్టకపోతే రెండు నెలలకు బంద్ అయిపోతుందంటున్నారు. నిజమేనా? ఊళ్లో 2 లక్షల అప్పు ఉంది, నూటికి రెండు రూపాయల మిత్తి. అందుకే టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు ఆ రిజిస్ట్రేషన్ భయం తీసేసుకోండి. మీ రూమ్ వాళ్లు అబద్ధం చెప్పలేదు, కానీ అది వాళ్ల దేశం సంగతి. పాకిస్తాన్‌లో పీటీఏ అనే టెలికాం సంస్థ ప్రతి ఫోన్ ఐఎంఈఐ నంబరునూ, అంటే ఒక్కో ఫోన్‌కు ఉండే గుర్తింపు నంబరునూ చూస్తుంది. బయటి నుంచి తెచ్చిన ఫోన్‌కు 60 రోజుల్లో పన్ను కట్టకపోతే అక్కడి సిమ్ అందులో పనిచేయదు. మన దేశంలో అలాంటి పద్ధతి లేదు. మీరు తెచ్చిన ఫోన్‌లో ఇక్కడి సిమ్ వేస్తే మామూలుగానే పనిచేస్తుంది. ఎవరైనా రిజిస్టర్ చేసి పెడతామని డబ్బులడిగితే ఇవ్వకండి.

మన దగ్గర లెక్క తేలేది శంషాబాద్‌లో, కస్టమ్స్ దగ్గర. మీరు వాడుకుంటున్న ఫోన్ జోలికి ఎవరూ రారు. కొత్త వస్తువులన్నీ కలిపి ఒక మనిషికి ఇంత విలువ వరకు సుంకం లేకుండా వదిలేస్తారు. 2016 నాటి బ్యాగేజీ నియమాల్లో అది 50,000 రూపాయలు. 2026 ఫిబ్రవరి నుంచి 75,000కు పెంచారు. ఇది ఒక్క ఫోన్‌కే అనుకుని చాలామంది పొరబడతారు. మీ సెంట్లు, చాక్లెట్లు, దుప్పట్లు కూడా అందులోకే వస్తాయి.

దాటిన మొత్తం మీద కొన్నేళ్లుగా పడుతున్న రేటు 38.5 శాతం. 35 శాతం సుంకం, ఆ సుంకం మీద పదో వంతు సర్‌ఛార్జీ. బడ్జెట్లలో ఇవి మారుతుంటాయి కాబట్టి ప్రయాణానికి వారం ముందు కస్టమ్స్ వెబ్‌సైట్‌లో ఒకసారి చూసుకోండి. ఈ రేటుతో మీ లెక్క వేస్తాను. రెండు ఫోన్లూ తెస్తే సామాను విలువ 1,40,000. అందులో 75,000 పోగా 65,000 మీద 25,025 రూపాయలు కట్టాలి. బిడ్డ ఫోన్ ఒక్కటే తెస్తే దాటేది 5,000. దాని మీద పడేది 1,925.

అంటే దోస్తు ఫోన్ ఒక్కదాని వల్లే మీ మీద 23,100 పడుతోంది. నిజానికి డబ్బు కంటే నన్ను ఎక్కువ భయపెట్టేది వేరే ఉంది. ఆ పెట్టె మీ బ్యాగులో ఉన్నంతసేపు అది మీదే, జవాబు చెప్పాల్సిందీ మీరే. ఇంకొకరి కోసం తెచ్చేది సొంత సామాను కిందికి రాదని అధికారి అనవచ్చు. చెప్పకుండా గ్రీన్ చానల్‌లో (సుంకం కట్టాల్సిందేమీ లేని వాళ్లు వెళ్లే దారిలో) నడిచి దొరికితే వస్తువు జప్తు చేస్తారు, విడిపించుకోవాలంటే సుంకం కాక జరిమానా కూడా కట్టాలి. దోస్తుకు మొహమాటం లేకుండా చెప్పండి: "నా లిమిట్ నా సామానుకే నిండిపోయింది, నీది నువ్వొచ్చినప్పుడు తెచ్చుకో." పార్శిల్ చేసి గిఫ్ట్ అని రాస్తే సరిపోతుందని అతను అనవచ్చు. ఆ వెసులుబాటు 2019 డిసెంబర్‌లోనే తీసేశారు. ఇంకో ప్రయాణికుడి లిమిట్‌ను మీ లిమిట్‌తో కలపడం కూడా కుదరదు, వాళ్లు మీ ఇంటివాళ్లే అయినా సరే.

ఇక బిడ్డ ఫోన్. ఇంటికి పోయేటప్పుడు చేతిలో ఏదో ఒకటి ఉండాలన్న ఆరాటం నాకు అర్థమవుతుంది, నాలుగేళ్ల తర్వాత వస్తున్నారు. వద్దనను. కానీ డిగ్రీ చదువుకు 60,000 ఫోన్ అక్కర్లేదు. 40,000 లోపు మంచిది దొరుకుతుంది. అప్పుడు సామానంతా 60,000 లోపే, సుంకం సున్నా. మిగిలిన 20,000 అప్పు అసలులో కట్టండి. నెలకు 400, ఏడాదికి 4,800 రూపాయల మిత్తి తగ్గుతుంది. 2 లక్షల మీద మీరిప్పుడు నెలకు 4,000 కడుతున్నారు. ఏడాదికి 48,000 అన్నమాట, మీరు కొందామనుకున్న ఆ ఫోన్ ధరలో ఐదింట నాలుగు వంతులు! కట్టేటప్పుడు అసలుకు జమ అని అప్పు నోటు మీద రాయించుకోండి.

కొనే ముందు ఇంకో పని చేయండి. అదే మోడల్ కరీంనగర్‌లో ఎంతకు అమ్ముతున్నారో ఇంట్లోవాళ్లతో కనుక్కోండి. తేడా రెండు మూడు వేలే అయితే ఇక్కడే కొనండి. వారంటీ సంగతి ఇక్కడే తేలిగ్గా తేలుతుంది. అక్కడ కొంటే ఆ వారంటీ ఇండియాలో చెల్లుతుందా అని షాపులో అడిగి, బిల్లు మీద రాయించుకోండి.

బిల్లును బ్యాగులో పడేయకుండా చేతిలో ఉంచుకోండి. అది లేకపోతే ధర ఎంతో అధికారే లెక్కగడతారు. లిమిట్ దాటితే మీరే రెడ్ చానల్‌కు (సుంకం కట్టాల్సిన వాళ్లు వెళ్లే దారికి) వెళ్లి చెప్పండి. కస్టమ్స్ వాళ్ల 'అతిథి' యాప్‌లో విమానం ఎక్కే ముందే వివరాలు నింపవచ్చు. కట్టిన దానికి రసీదు తప్పకుండా తీసుకోండి. ఇంటికి చేరాక ఫోన్‌లో *#06# కొడితే వచ్చే ఐఎంఈఐ నంబరును బిల్లు వెనకాల రాసి బిడ్డకు ఇవ్వండి. రేపు కాలేజీ బస్సులో ఫోన్ పోతే, పోలీసు ఫిర్యాదు చేశాక ప్రభుత్వ వెబ్‌సైట్ సంచార్ సాథీలో ఆ నంబరుతోనే బ్లాక్ చేయించుకోవచ్చు.