టీబీ మందులతో పాటు గర్భనిరోధక మాత్ర: మరకలు ఎందుకు?

టీబీ మందులు వాడుతూ రోజూ గర్భనిరోధక మాత్ర వేసుకుంటున్నా మరకలు కనిపిస్తున్నాయని గోదావరి లంక నుంచి మీరు అడిగారు. మీరు మాత్ర మరిచిపోవడం వల్ల కాదు, టీబీ మందుల్లో ఒకటైన రిఫాంపిసిన్ వల్లే నెల మధ్యలో రక్తపు మరకలు కనిపిస్తూ ఉండవచ్చు. మూత్రం నారింజ రంగులో వస్తోందని కూడా అన్నారు; అది ఆ మందు రంగే, భయం లేదు.

మాత్రలోని ఇథినైల్ ఈస్ట్రడయాల్ అనే హార్మోన్‌లో సగానికి పైగా పేగు గోడ, కాలేయం దాటేలోపే మారిపోతుంది. మిగిలిందే రక్తంలో చేరి పనిచేస్తుంది. రిఫాంపిసిన్ కాలేయంలోని ఎంజైములను పెంచి, ఆ మిగిలినదాన్నీ త్వరగా విరగ్గొడుతుంది. అందుకే మరకలు కనిపిస్తాయి, మాత్ర గర్భం రాకుండా ఆపలేకపోవచ్చు.

1. టీబీ మందు ఒక్కరోజు కూడా మానకండి.
2. మాత్రలు సొంతంగా రెండేసి వేసుకోకండి.
3. ఈరోజు నుంచే కండోమ్ వాడండి. అమలాపురం ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి గర్భ పరీక్ష చేయించుకోండి, గర్భసంచిలో అమర్చే కాపర్-టీ గురించి అడగండి. దానిపై రిఫాంపిసిన్ ప్రభావం ఉండదు.

చాలామంది పొరబడేది ఇక్కడే: టీబీ కోర్సు ముగిసిన రోజే ఎంజైములు తగ్గిపోవు. చివరి మోతాదు తర్వాత మరో 28 రోజులు మాత్రను నమ్ముకోకూడదు. గోడ మీది క్యాలెండర్‌లో ఆ 28 రోజులు ముగిసే తేదీ చుట్టూ ఇప్పుడే పెన్నుతో సున్నా చుట్టండి. మీ లంక నుంచి రేవు దాటి వెళ్లడం కష్టమైతే ముందు ఆశా కార్యకర్తకు చెప్పండి, కండోమ్‌లు ఆమె దగ్గరే దొరుకుతాయి.